గాలి మింగిన తరంగాలు: జగదీశ్ చంద్ర బోస్ లండన్‌లో వేసిన ఒక అంచనా

ఏటా నవంబరు 30 దగ్గర పడేసరికి ఫోన్లలో ఒక కథ చక్కర్లు కొడుతుంది. రేడియోను కనిపెట్టింది జగదీశ్ చంద్ర బోస్ అనీ, మార్కొనీ దాన్ని కాజేశాడనీ, నోబెల్ మాత్రం తెల్లవాడికే దక్కిందనీ ఆ కథ సారాంశం. అందులో కొంత నిజముంది, ఎక్కువ కోపముంది. ఆ కోపానికి కారణాలూ లేకపోలేదు. కానీ ఈ పంచాయితీలో బోస్ చేసిన అసలు పని మరుగున పడిపోతోంది. అట్లాంటిక్ దాటించడానికి మార్కొనీ వాడిన తరంగాలు వందల మీటర్ల పొడవున్నవి. బోస్ పుట్టించినవి బియ్యపుగింజంత పొట్టివి. రెండూ ఒకే జాతికి చెందినవే అయినా గాలిలో వాటి నడక ఒకటి కాదు. పొడుగు తరంగం తేమను ఖాతరు చేయదు. పొట్టి తరంగాన్ని దారిలోనే నీటి ఆవిరి, ఆక్సిజన్ కలిసి కొరికేస్తాయి.

ఈ సంగతి 1940లలో గానీ శాస్త్రవేత్తలకు ప్రయోగపూర్వకంగా తెలియలేదు. అయితే అంతకు సుమారు 47 ఏళ్ల ముందే, 1897 జనవరిలో, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వేదిక మీద బోస్ దాని చుట్టుపక్కలకు వెళ్లి వచ్చారు. సూర్యుడి నుంచి ఇలాంటి కనిపించని కిరణాలు వస్తూ ఉండవచ్చని, అవి ఇంతవరకూ ఎవరికీ చిక్కకపోవడానికి సూర్యుడి చుట్టూ ఉన్న వాయువులో, భూమి చుట్టూ ఉన్న గాలో వాటిని పీల్చేసుకోవడం కారణం కావచ్చని ఆయన ఊహించారు. అది ఊహే. నిరూపించే సాధనం అప్పుడు ఆయన దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు.

బోస్ 1858 నవంబరు 30న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని మైమన్‌సింగ్‌లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర డిప్యూటీ మేజిస్ట్రేట్, బ్రహ్మసమాజీకుడు. ఆ హోదా ఉన్నవాళ్లంతా పిల్లల్ని ఇంగ్లిష్ బడికి పంపుతున్న రోజుల్లో ఆయన కొడుకును ఫరీద్‌పూర్‌లో బెంగాలీ బడిలో వేశారు. అక్కడ జగదీశ్ పక్కన కూర్చున్నది జాలర్ల పిల్లలు, రైతుల పిల్లలు. వాళ్లు చెప్పే చేపల కథలు, పిట్టల కథలు, చెట్ల కథలే తనలో ప్రకృతి మీద ఆసక్తి రేపాయని ఆయన పెద్దయ్యాక పదేపదే చెప్పుకున్నారు. తండ్రి ఒకప్పుడు జైలుకు పంపిన బందిపోటే శిక్ష పూర్తయ్యాక ఆ ఇంట్లో పనికి చేరాడు. చిన్న జగదీశ్‌ను బడికి మోసుకెళ్లింది అతడే. దారి పొడుగునా తన దోపిడీల కథలు చెప్పేవాడు.

కలకత్తా సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ లాఫోన్ అనే జెసూట్ ప్రయోగాలు చేసి చూపిస్తూ భౌతికశాస్త్రం చెప్పేవారు. బోస్‌కు చేతిపని మీద, పరికరాల మీద మక్కువ అక్కడే అంటుకుంది. 1880లో వైద్యం చదవడానికి లండన్ వెళ్లారు. ఒంట్లో వదలని జ్వరం, శవాల గది వాసన కలిసి ఏడాదికే ఆ చదువు మాన్పించాయి. కేంబ్రిడ్జి క్రైస్ట్స్ కళాశాలలో చేరి సహజశాస్త్రాలు చదివారు. అక్కడి గురువుల్లో లార్డ్ రేలీ ఒకరు. తర్వాతి కాలంలో బోస్ పరిశోధనను రాయల్ సొసైటీ ముందు పెట్టింది ఆయనే.

1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. విద్యాశాఖ పెద్దలకు అది ఇష్టం లేదు. భారతీయుడికి సైన్సు చెప్పే శక్తి ఉంటుందని వాళ్లు నమ్మలేదు. అప్పటి లెక్క ప్రకారం యూరోపియన్‌కు ఇచ్చే జీతంలో మూడింట రెండొంతులే భారతీయుడికి. నియామకం తాత్కాలికం కాబట్టి అందులోనూ సగం కోత. బోస్ తగువుకు దిగలేదు, రాజీనామా చేయలేదు. రోజూ వెళ్లి పాఠం చెప్పి, నెలాఖరున చెక్కు ముట్టుకోకుండా తిప్పి పంపేవారు. మూడేళ్లు అలా నడిచింది. తండ్రి వ్యాపారాల్లో చేసిన అప్పులు ఇంటి మీద ఉన్నాయి. ఆ మధ్యలోనే, 1887లో, అబలా దాస్‌తో పెళ్లయింది. కలకత్తా వైద్య కళాశాల ఆడపిల్లలకు తలుపు తీయని రోజుల్లో ఆమె వైద్యం చదవడానికి మద్రాసు వరకూ వచ్చారు. ఆరోగ్యం సహకరించక చదువు పూర్తికాలేదు. ఆ దంపతుల దగ్గర డబ్బు లేదు గానీ మొండితనానికి కొదవ లేదు. చివరికి ప్రభుత్వం దిగొచ్చి, ఉద్యోగాన్ని ఖాయం చేసి, మూడేళ్ల పూర్తి జీతం ఒకేసారి చెల్లించింది. ఆ డబ్బు అప్పులకే పోయింది.

విద్యుదయస్కాంత తరంగాలు ఉండి తీరాలని మాక్స్‌వెల్ లెక్కగట్టింది 1860లలో. వాటిని పుట్టించి, పట్టి చూపించింది జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్, 1887, 1888లలో. హెర్ట్జ్ 1894 జనవరిలో 36 ఏళ్లకే చనిపోయారు. ఆయన పని మీద ఆలివర్ లాడ్జ్ ఇచ్చిన ఉపన్యాసం పుస్తకంగా వచ్చి కలకత్తా చేరింది. అది చదివిన బోస్‌కు అప్పుడు 36వ ఏడు నిండబోతోంది. ఆ పుట్టినరోజున ఆయన ఇకమీదట పరిశోధనే జీవితం అని నిర్ణయించుకున్నారు.

కళాశాలలో ప్రయోగశాల లేదు. స్నానాల గది పక్కన ఒక ఇరుకు గది దొరికింది. సహాయకుడిగా ఒక రేకుల పనివాడు. పరికరాలకు డబ్బు సొంత జేబులోంచే. అక్కడ మొదటి చిక్కు గది కొలతే. హెర్ట్జ్ తరంగాలు అర మీటరుకు పైబడి పొడవున్నవి. వాటితో అద్దం, కటకం, పట్టకం లాంటివి చేయాలంటే ప్రతి వస్తువూ తరంగం కన్నా చాలా పెద్దదిగా ఉండాలి. హెర్ట్జ్ వాడిన తారు పట్టకం బరువు క్వింటాళ్లలో ఉండేది. వెలుగుకు ఉన్న లక్షణాలన్నీ ఈ తరంగాలకూ ఉన్నాయని చూపించడం బోస్ లక్ష్యం. దానికి తరంగాన్నే కుదించాలి. అలా 2.5 సెంటీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల దాకా దిగారు. నేటి కొలతలో అది సుమారు 12 నుంచి 60 గిగాహెర్ట్జ్. పరికరమంతా ఒక చిన్న పెట్టెలో పట్టేసింది.

ఆ పెట్టెలోని వస్తువుల జాబితా చూస్తే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. తరంగాలను సన్నటి పుంజంగా పంపే లోహపు గొట్టం ఒకటి. దాన్ని పట్టుకోవడానికి గరాటు ఆకారపు మూతి మరొకటి. నేటి హార్న్ యాంటెన్నాకు అదే తాత. గంధకంతో చేసిన కటకం. రెండు పట్టకాలను ఎదురెదురుగా ఉంచి మధ్యలో గాలి సందును పెంచుతూ తగ్గిస్తూ తరంగం ఎంత దాటాలో నియంత్రించే అమరిక. తరంగం ఏ దిశలో ఊగుతుందో తేల్చడానికి ఆయన వాడింది బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్. దాని పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి తిప్పితే ఒక దిశలో ఊగే తరంగం దాటుతుంది, అడ్డంగా ఊగేది ఆగిపోతుంది. చక్కెర ద్రావణం వెలుగును మెలితిప్పే తీరును పోల్చి చూపడానికి బెంగాల్‌లో ఎక్కడపడితే అక్కడ దొరికే జనపనారను పురివేసి కట్టలు కట్టారు. ఒక వలస దేశపు కళాశాలలో, స్నానాల గది పక్కన, జనపనారతో, రైళ్ల టైంటేబుల్‌తో ప్రపంచంలోనే అత్యంత పొట్టి రేడియో తరంగాల శాస్త్రం మొదలైంది.

1895లో ప్రెసిడెన్సీ కళాశాలలో గోడల అవతలికి తరంగాన్ని పంపి గంట మోగించారు, తుపాకీ మందు పేల్చారు. తర్వాత కలకత్తా టౌన్‌హాల్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ ఎదుటా అదే చూపించారు. దూరం సుమారు 23 మీటర్లు. చూసినవాళ్లకు అది గారడీలా తోచింది. ఇటుక గోడ వెలుగును ఆపుతుంది, ఈ కిరణాన్ని ఆపలేదు. బోస్ ఆ సంగతినే ‘అదృశ్య ఆలోక్’ అనే బెంగాలీ వ్యాసంలో మామూలు పాఠకుడికి విడమరిచి చెప్పారు. కంటికి అడ్డమైన తారు, ఇటుక ఈ కిరణానికి అద్దంలాంటివి. కంటికి అద్దంలాంటి నీరు దీనికి గోడ. పది మిల్లీమీటర్ల లోపు తరంగం నీటిలో ఒక మిల్లీమీటరు పోయేసరికే నీరసపడుతుంది.

గ్లాసులో ఉన్న నీటి సంగతి అది. గాలిలో కలిసి కంటికి కనిపించని నీటి సంగతి వేరు, అక్కడే ఈ కథకు కీలకం ఉంది.

నీటి అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువు, దానికి వంపుగా అతుక్కున్న రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఆ వంపు వల్ల ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం పేరుకుంటాయి. రేడియో తరంగం దాటుతున్నప్పుడు దాని విద్యుత్ క్షేత్రం ఈ రెండు కొసలనూ చెరోవైపుకు నెడుతుంది. అణువు గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. తిరగడానికి కావలసిన శక్తిని తరంగం నుంచే లాక్కుంటుంది. అయితే విడిగా ఉన్న అణువు ఇష్టం వచ్చిన వేగంతో తిరగలేదు. బొంగరానికి ఉన్న స్వేచ్ఛ దానికి లేదు. మెట్లు మెట్లుగా కొన్ని వేగాలే దానికి సాధ్యం. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎక్కడానికి సరిపోయే శక్తి ఉన్న తరంగాన్నే అది గట్టిగా పట్టుకుంటుంది. నీటి ఆవిరికి రేడియోలో అలాంటి మొదటి మెట్టు 22.235 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంది. అంటే 1.35 సెంటీమీటర్ల తరంగం. దానికన్నా ఎంతో బలమైన రెండో మెట్టు 183 గిగాహెర్ట్జ్ దగ్గర. గాలి ఒత్తిడిలో అణువులు ఒకదానికొకటి గుద్దుకుంటూ ఉండటంతో ఈ పట్టు సన్నటి గీతలా కాక అటూ ఇటూ వ్యాపిస్తుంది. అందుకే ఆ ఫ్రీక్వెన్సీకి దగ్గర్లో ఉన్న తరంగాలూ దెబ్బతింటాయి.

గాలిలో నాలుగింట మూడొంతులకు పైగా ఉన్న నైట్రోజన్‌కు ఈ గొడవ లేదు. దాని అణువు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, తరంగానికి పట్టు దొరకదు. ఆక్సిజన్‌కూ విద్యుత్ కొసలు లేవు గానీ, అది చిన్న అయస్కాంతం. ఆ దారిన 60 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల అది తరంగాలను మింగుతుంది. సముద్రమట్టం దగ్గర అక్కడ కిలోమీటరుకు సుమారు 15 డెసిబెల్స్ నష్టం. పంపినదాంట్లో ముప్పయ్యో వంతు మాత్రమే మొదటి కిలోమీటరు దాటుతుంది. రెండో కిలోమీటరు చివర వెయ్యిలో ఒక వంతు మిగులుతుంది.

బోస్ పనిచేసిన పరిధిని ఈ అంకెల పక్కన పెడితే విచిత్రంగా ఉంటుంది. 12 నుంచి 60 గిగాహెర్ట్జ్ మధ్యలో నీటి ఆవిరి గీత ఉంది, పై అంచున ఆక్సిజన్ గోడ ఉంది. పైగా ఆయన ఊరు కలకత్తా. శాస్త్ర గ్రంథాల్లో ప్రమాణంగా తీసుకునే గాలిలో ఘనపు మీటరుకు 7.5 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. జులై, ఆగస్టుల్లో కలకత్తా ఉక్కపోతలో అది 20 గ్రాములు దాటిపోతుంది. ప్రమాణపు గాలిలో 22 గిగాహెర్ట్జ్ తరంగం కిలోమీటరుకు నాలుగైదు శాతం బలం పోగొట్టుకుంటే, వానాకాలపు బెంగాల్‌లో పదో వంతుకు పైగా పోగొట్టుకుంటుంది. వినడానికి చిన్న నష్టమే. కానీ అది చక్రవడ్డీలా పెరుగుతుంది. వంద కిలోమీటర్లు వెళ్లేసరికి లక్షల్లో ఒక వంతు కూడా మిగలదు.

అయితే టౌన్‌హాల్‌లో బోస్‌ను గాలి ఆపలేదు. 23 మీటర్లలో 5 మిల్లీమీటర్ల తరంగానికి కూడా పోయేది పన్నెండో వంతే. ఆయన దూరాన్ని కట్టేసింది నిప్పురవ్వ బలహీనత, గ్రాహకపు మందకొడితనం. గాలి మింగుతుందన్న సంగతి కొలతకు చిక్కాలంటే కిలోమీటర్ల దూరం కావాలి, లేదా సూర్యుడంత దూరం కావాలి. ఆయన సూర్యుడి వైపు చూడటం అందుకే ఆసక్తికరం. ఆ రోజుల్లో లాడ్జ్ లివర్‌పూల్‌లో సూర్యుడి రేడియో కిరణాల కోసం వెతికి ఓడిపోయారు, నగరంలోని విద్యుత్ రొదను తప్పుపట్టారు. బోస్ తప్పును గాలి మీదకు నెట్టారు. ఆ ఓటమికి అసలు కారణం ఈ రెండూ కాదు, అప్పటి పరికరాలకు అంత సున్నితత్వం లేకపోవడం. సెంటీమీటర్ల తరంగాల్లో చాలావరకు గాలిని దాటి నేలకు చేరుతూనే ఉంటాయి. 1942లో అమెరికాలో బెల్ ప్రయోగశాలకు చెందిన సౌత్‌వర్త్ వాటిని పట్టుకున్నారు. కాబట్టి బోస్ ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబు పూర్తిగా సరైనది కాదు. కానీ గాలి అన్ని రేడియో తరంగాలకూ తెరిచిన తలుపు కాదని, కొన్నింటికి అది తెర అని అనుమానించడం మాత్రం తన కాలానికి చాలా ముందున్న ఆలోచన.

ఆ లండన్ ప్రయాణం బోస్‌ను ఒక్కసారిగా ప్రసిద్ధుణ్ని చేసింది. 1896లో లండన్ విశ్వవిద్యాలయం డి.ఎస్‌సి. ఇచ్చింది. లివర్‌పూల్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో ఆయన పరికరాన్ని చూసినవాళ్లలో లార్డ్ కెల్విన్ ఉన్నారు. అదే ఏడాది మార్కొనీ అనే 22 ఏళ్ల యువకుడు ఇంగ్లండ్‌లో తన తొలి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అతనికి వెలుగు లక్షణాలతో పనిలేదు, దూరంతోనే పని. దూరం కావాలంటే తరంగాన్ని పొడిగించాలని అతనికి అనుభవం మీద తెలిసింది. పొడుగు తరంగం భూమి వంపు వెంట వంగుతుంది, ఆకాశంలో విద్యుదావేశమున్న పొరకు తగిలి తిరిగొస్తుంది. తేమకు, వానకు దానికి లెక్కే లేదు. 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ దాటిన సంకేతం అలాంటిదే. దాన్ని పట్టడానికి మార్కొనీ వాడిన పాదరసపు గ్రాహకానికి, బోస్ 1899లో రాయల్ సొసైటీకి పంపిన వ్యాసంలోని అమరికకు దగ్గరి చుట్టరికం ఉందని 1998లో ప్రబీర్ బంద్యోపాధ్యాయ్ వాదించారు. ఆ వాదనకు బలముంది. ఆ గ్రాహకం విషయంలో బోస్‌కు దక్కాల్సిన పేరు దక్కలేదు. కానీ బోస్ తరంగంతో అట్లాంటిక్ దాటడం జరిగే పని కాదు. ఎన్ని పేటెంట్లు ఉన్నా గాలి ఒప్పుకోదు.

పేటెంట్ల విషయంలో బోస్‌ది వేరే లోకం. 1901లో లండన్‌లో ఉపన్యాసానికి ముందు ఒక టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని పేటెంటు కాగితం పట్టుకుని వచ్చి, లాభంలో సగం ఇస్తానని బతిమాలితే తాను తిరస్కరించిన సంగతి ఆయన మిత్రుడు రవీంద్రనాథ్ టాగూరుకు ఉత్తరంలో రాశారు. ఆ దేశంలో డబ్బు యావ చూసి తనకు కలిగిన విరక్తి ఆ ఉత్తరం నిండా ఉంది. సిస్టర్ నివేదిత, అమెరికన్ స్నేహితురాలు సారా బుల్ మాత్రం ఊరుకోలేదు. వాళ్ల ఒత్తిడితో గెలీనా స్ఫటికపు గ్రాహకానికి 1901లో అమెరికాలో దరఖాస్తు పడింది, 1904 మార్చి 29న పేటెంటు వచ్చింది. సెమీకండక్టర్ పరికరానికి వచ్చిన తొలి పేటెంటు అదే. దాని మీద ఆయన ఒక్క పైసా అడగలేదు. ఈ నిస్వార్థాన్ని పొగడటం తేలిక. దానివల్ల ఆయన ప్రయోగశాలకు ఏళ్ల తరబడి టాగూరు, త్రిపుర మహారాజు లాంటివాళ్ల సాయమే దిక్కయిందన్నదీ నిజం.

1900 తర్వాత బోస్ మిల్లీమీటరు తరంగాలను వదిలేశారు. గ్రాహకం వాడగా వాడగా అలసిపోయినట్టు ప్రవర్తించడం, విశ్రాంతి ఇస్తే కోలుకోవడం ఆయన్ను లోహాల నుంచి కండరాలకు, అక్కడి నుంచి మొక్కలకు లాక్కుపోయింది. ఇంగ్లండ్ శరీరశాస్త్రవేత్తలు ఎదురుతిరిగారు, రాయల్ సొసైటీ ఒక వ్యాసాన్ని అచ్చు వేయకుండా ఆపింది. మొక్కల ఎదుగుదలను వేల రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ ఆయనకు ప్రపంచమంతా పేరు తెచ్చింది. కొన్ని తీర్మానాలు అతిగా పోయాయి, మొక్కల్లో విద్యుత్ సంకేతాలు ప్రవహిస్తాయన్న మూల విషయం నిలబడింది. 1917లో సర్ బిరుదు, అదే ఏడాది తన పుట్టినరోజున బోస్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభం, 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం. 1937 నవంబరు 23న, ఇప్పటి జార్ఖండ్‌లోని గిరిడీలో, 79వ పుట్టినరోజుకు వారం ముందు కన్నుమూశారు. అప్పటికి ఆయన తరంగాలను ప్రపంచం దాదాపు మరిచిపోయింది.

రెండేళ్లకు యుద్ధం వచ్చింది, దానితో రాడార్ వచ్చింది. తరంగం ఎంత పొట్టిదైతే రాడార్ చూపు అంత నిశితం. పది సెంటీమీటర్లు, మూడు సెంటీమీటర్లు బాగా పనిచేశాయి కాబట్టి 1.25 సెంటీమీటర్లకు దిగాలని అమెరికన్ సైన్యం తీర్మానించింది. ఆ పని అప్పగించిన యువ భౌతికశాస్త్రవేత్తల్లో చార్లెస్ టౌన్స్ ఒకరు. నీటి ఆవిరి ఆ తరంగాన్ని మింగేస్తుందని ఆయన హెచ్చరించారు. హార్వర్డ్‌లో వాన్ వ్లెక్ లెక్కలు కట్టి అదే ముప్పును చూపించారు. గీత కచ్చితంగా ఎక్కడ ఉందో అప్పటికి ఎవరూ కొలవలేదు కాబట్టి పని ఆగలేదు. రాడార్లు తయారయ్యాయి. తేమ తక్కువున్న చోట్ల పర్వాలేదు గానీ, ఉష్ణమండలపు సముద్రాల మీద వాటి చూపు మసకబారింది. కలకత్తా లాంటి గాలి అన్నమాట. 1945, 1946లలో రాబర్ట్ డికీ, సహచరులు ఫ్లోరిడాలో ఆకాశం వైపు రేడియోమీటరు తిప్పి ఆ పీల్చివేతను నేరుగా కొలిచారు. ఆ దెబ్బకే కె బ్యాండ్ రెండుగా చీలింది. నీటి గీతకు కింద ఒక ముక్క, పైన ఒక ముక్క వాడుకలోకి వచ్చాయి. పనికిరాకుండా మిగిలిన 1.25 సెంటీమీటర్ల సామగ్రితోనే టౌన్స్ అణువుల వర్ణపటాల పరిశోధన మొదలుపెట్టారు, అక్కడి నుంచి మేజర్‌కు, లేజర్‌కు దారి పడింది.

రాడార్‌కు శాపమైన ఆ మింగుడే వాతావరణ శాస్త్రానికి వరమైంది. ఎంత మింగితే గాలిలో అంత తేమ ఉన్నట్టు. ఏ అణువు ఏ ఫ్రీక్వెన్సీని మింగుతుందో అదే ఫ్రీక్వెన్సీలో కొద్దిగా వెలువరిస్తుంది కూడా. కాబట్టి పైనుంచి ఆ ఫ్రీక్వెన్సీలో వినే చెవి ఉంటే చాలు. 1979 జూన్ 7న సోవియట్ రాకెట్ మీద వెళ్లిన భాస్కర-1లో సమీర్ అనే రేడియోమీటరు 19, 22 గిగాహెర్ట్జ్‌లలో సముద్రాల మీది నీటి ఆవిరిని విన్నది. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన మేఘా-ట్రోపిక్స్, ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి చేసినది. అందులోని సఫీర్ పరికరం 183 గిగాహెర్ట్జ్ గీత చుట్టూ ఆరు చోట్ల చెవి పెట్టింది. గీత నడిబొడ్డున విన్నది ఆకాశపు పై పొరల తేమ, అంచుల్లో విన్నది కింది పొరల తేమ. రుతుపవనాలు ఎప్పుడు ఎంత నీటిని మోసుకొస్తున్నాయో తెలుసుకోవడానికి ఇలాంటి కొలతలు కావాలి. ఆ ఉపగ్రహాన్ని 2023 మార్చి 7న పసిఫిక్ మీద గాలిలోకి దించి కాల్చేశారు.

ఇప్పుడు ఆ గీత పక్కన కొత్త పొరుగువాడు చేరాడు. 2022 వేలంలో భారత ప్రభుత్వం 5జీ కోసం అమ్మిన వాటిలో 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంది. నీటి ఆవిరిని వినే ఉపగ్రహాలు వాడుకునే 23.8 గిగాహెర్ట్జ్‌కు అది అంగలో ఉంది. ఫోన్ టవర్ల రొద అటువైపు చిందితే ఉపగ్రహం దాన్ని తేమ అనుకుంటుంది. 2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో దీని మీద వారాల తరబడి వాదులాట నడిచి, చిందే రొదకు రెండు దశల్లో బిగించే పరిమితి పెట్టారు. వాతావరణ సంస్థలు అడిగినంత కఠినంగా అది లేదు. 60 గిగాహెర్ట్జ్‌ది ఇంకో కథ. ఆక్సిజన్ మింగేస్తుంది కాబట్టే ఒక చోటి సంకేతం దూరంలోని మరో సంకేతంతో కలబడదని, చాలా దేశాలు దాన్ని లైసెన్సు లేకుండా వైర్‌లెస్‌కు వదిలేశాయి. 

చిలీలోని అటకామా ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున కట్టిన ఆల్మా దుర్భిణి మిల్లీమీటరు తరంగాల్లో విశ్వాన్ని చూస్తుంది. అంత పైకెక్కింది తేమ నుంచి పారిపోవడానికే. అక్కడా మిగిలిన కాస్త ఆవిరిని కనిపెట్టడానికి యాంటెన్నాలకు 183 గిగాహెర్ట్జ్ రేడియోమీటర్లు బిగించారు. అమెరికాలో అరిజోనాలోని కిట్ పీక్ మీది 12 మీటర్ల దుర్భిణికి 1990లలో 1.3 మిల్లీమీటర్ల గ్రాహకం తయారుచేసినప్పుడు, బోస్ రెండు పట్టకాల అమరికలోని ఆలోచనను నూరేళ్ల తర్వాత మళ్లీ వాడారు.

2012 సెప్టెంబరులో అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ కలకత్తా ప్రెసిడెన్సీలో బోస్ పేరిట ఒక ఫలకం పెట్టింది. రేడియోను కనిపెట్టినవాడు అని దాని మీద రాయలేదు. 1895లో 60 గిగాహెర్ట్జ్ తరంగాన్ని 23 మీటర్ల దూరం, రెండు గోడల గుండా పంపి గంట మోగించారనీ, తుపాకీ మందు పేల్చారనీ రాసి ఉంది.